ఆరోగ్యవంతుల లెక్కలో పెద్దమ్మ

ఒకరి నగలు చూసి గాని, చీరలు చూసి గాని మా పెద్దమ్మ కుళ్ళుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ కుళ్ళుకున్నది ఒక్కదానికే, తోటికోడలికి వచ్చిన జబ్బుకి. వేళాకోళం కాదు, నిజమే చెబుతున్నాను. పక్కవాళ్ళకి జబ్బు చేస్తే జాలిపడేవాళ్ళుంటారు, లోపల్లోపల సంతోషించేవాళ్ళూ ఉంటారు. అది నాకు రాలేదే అని కడుపు మండినవాళ్ళు మాత్రం నాకు తెలిసి మా పెద్దమ్మ ఒక్కతే.

పెద్దమ్మ అత్తవారిది లాండ్రీ. కింద దుకాణం, పైన ఇల్లు. అన్నదమ్ములిద్దరూ హోటళ్ళ నుంచి, ఇళ్ళ నుంచి బట్టలు తేవడం, యంత్రాల్లో వేసి ఉతకడం, తిరిగి చేర్చడం చూసుకుంటారు. పెద్దకోడలిగా ఆ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి పెద్దమ్మది ఇస్త్రీ బల్ల. తర్వాత వచ్చిన తోటికోడలికి, అంటే మేమంతా చిన్నావిడ అనే ఆవిడకి, కౌంటరు దక్కింది. బట్టకి గుర్తు కుట్టి, చీటీ చింపి, వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడే పని. "నవ్వే పని దానికీ, ఆవిరి పీల్చే పని నాకూ" అని పెద్దమ్మ అప్పట్లోనే సణిగేది. అది ప్రతి ఇంట్లోనూ ఉండే తోటికోడళ్ళ గొడవే, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

పెద్దమ్మకి ఏళ్ళ తరబడి ఒళ్ళంతా నొప్పులు. ఒకనాడు మెడ, ఒకనాడు నడుం, ఒకనాడు ఫలానా చోటని చెప్పలేనంతగా అంతటా. పడుకుని లేచినా అలసట తీరదు. కనపడిన డాక్టరు దగ్గరికల్లా వెళ్ళింది. రక్తం తీశారు, ఎక్స్‌రేలు తీశారు, ఒకాయన స్కానింగ్ కూడా చేయించాడు. ఎటు తిప్పినా నార్మల్ అనే వచ్చింది. మొదట్లో ఇంట్లోవాళ్ళు అమ్మయ్య అనుకున్నారు. రానురాను ఆవిడ మూలిగితే మొహాలు చిట్లించడం మొదలుపెట్టారు. "దానికి ఒళ్ళు నొప్పి కాదు, ఒళ్ళు వంగకపోవడం" అని అత్తగారు పక్కింటావిడతో అంది, ఈవిడకి వినపడేలాగానే. పెదనాన్న మంచివాడు. "టెస్టులన్నీ బాగున్నాయి కదే, ఇంకా ఎందుకు దిగులు?" అని ఓదార్చేవాడు. ఆ ఓదార్పుకి పెద్దమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది.

"మందు లేకపోతే పోనీ. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నీ నొప్పి నిజమేనే అంటే చాలు" అనేది నాతో. నేను పక్క వీధిలోనే ఉంటాను. బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా నా చెవికి ఇదే పని.

అలాంటి రోజుల్లో చిన్నావిడకి కీళ్ళవాతం వచ్చింది. వేళ్ళ కణుపులు ఉబ్బాయి, పొద్దున లేస్తే పిడికిలి విచ్చుకోదు. రక్తం పరీక్ష చేయిస్తే అంకెలన్నీ ఉండాల్సిన దానికంటే ఎక్కువ. ఇల్లంతా కదిలిపోయింది. అత్తగారు తన చేత్తో వేడినీళ్ళు కాచి గిన్నెలో పోసి, అందులో కోడలి వేళ్ళు ముంచింది. మరిది మెత్త కుట్టిన ఎత్తు స్టూలు తెచ్చి కౌంటరు వెనక వేశాడు. బరువు పనులేవీ ఇక ఆవిడకి చెప్పకూడదన్నారు. ఆ బరువు పనులు ఎవరి నెత్తిన పడ్డాయో వేరే చెప్పక్కర్లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే అదే.

"దానివి వాచాయి కాబట్టి అందరికీ కనపడ్డాయి. నావి వాచవు. ఏం చేయమంటావు, గోడకేసి కొట్టుకుని వాపు తెచ్చుకోనా?" అంది పెద్దమ్మ, హోటలువాళ్ళ దుప్పటి మీద ఇస్త్రీపెట్టె గట్టిగా అదుముతూ.

ఉన్న మాట చెప్పాలంటే చిన్నావిడ చెడ్డదేం కాదు. కానీ జబ్బులో ఒక దర్జా ఉంటుందని ఆవిడ త్వరగానే పసిగట్టింది. కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళు "ఎలా ఉందమ్మా?" అంటే వేళ్ళు చాపి చూపించేది. అది చాలదన్నట్టు, పెద్దాసుపత్రి కీళ్ళ విభాగంవాళ్ళు నొప్పుల మీద ఏదో పరిశోధన మొదలుపెట్టి ఆవిడని అందులో చేర్చుకున్నారు. ఆ రోజు నుంచి "మా రిసెర్చి డాక్టరుగారు" అనకుండా ఆవిడ నోట మాట రాలేదు. పెద్దమ్మ పళ్ళు కొరకడం నాకు బల్లకి ఇవతలికి వినపడింది.

కొన్నాళ్ళకి ఆసుపత్రివాళ్ళు, జబ్బున్నవాళ్ళతో పోల్చి చూడటానికి ఆరోగ్యవంతులు కూడా కావాలన్నారు. అదే వయసు, వీలైతే అదే ఇల్లు, ఏ నొప్పులూ లేని మనిషి. చిన్నావిడ ఆ మాట చెప్పగానే అత్తగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎక్కడికో వెతుక్కుంటూ పోవడం దేనికి? మన పెద్దది ఉందిగా. దానివన్నీ నార్మలేనాయె."

నేనక్కడే ఉన్నాను. పెద్దమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపి, "వస్తాను" అంది. వద్దు పెద్దమ్మా అని సైగ చేశాను. నా వంక చూడనే లేదు. ఆసుపత్రిలో ఆ మహారాణిని ఎలా కూర్చోబెడుతున్నారో, ఏమేం అడుగుతున్నారో ఒకసారి కళ్ళారా చూసి మరింత కుళ్ళుకుంటే గాని ఆవిడకి తృప్తి ఉండేలా లేదు.

బయల్దేరేటప్పుడు "తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందట. నేను తోటికోడలి ఆసుపత్రికి పోతున్నాను, నువ్వూ రా" అని నన్ను లాక్కెళ్ళింది.

కీళ్ళ విభాగం మూడో అంతస్తులో, వరండా చివర. తెల్ల గోడలు, ప్లాస్టిక్ కుర్చీలు. ఒకమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ప్రశ్నలడిగింది. "మీకు చాలాకాలంగా ఎక్కడైనా నొప్పులున్నాయాండీ?"

పెద్దమ్మ పక్కనే చిన్నావిడ కూర్చుని ఉంది. ఉన్నాయంటే అది నవ్వుతుంది. ఇంటికి వెళ్ళాక, అక్కడ కూడా మొదలుపెట్టిందండీ అని చెబుతుంది. పెద్దమ్మ బుర్రలో తిరిగింది అదే అని నాకు తెలుసు. "లేవండి. ఏమీ లేవు. కావాలంటే మా అత్తగారిని అడగండి" అంది. ఆ అమ్మాయి నవ్వి, ఆరోగ్యవంతుల లెక్కలో వేసింది.

తర్వాత యంత్రం. చిన్నదే. బల్ల మీద బొటనవేలు పెడితే పైనుంచి రబ్బరు మొన ఉన్న కడ్డీ దిగి గోరు మీద మెల్లగా ఒత్తుతుంది. ఒత్తిడి పెరుగుతూ పోతుంది. నొప్పి మొదలవగానే రెండో చేతిలో ఉన్న మీట నొక్కితే కడ్డీ లేస్తుంది. ముందు చిన్నావిడ లోపలికి వెళ్ళి వచ్చింది.

"చాలా ఓర్చుకున్నారని ఆ అమ్మాయి నన్ను మెచ్చుకుంది. నువ్వెంతసేపు ఆగుతావో చూద్దాం అక్కా" అంది.

ఊరికే అన్న మాట. కానీ అది పెద్దమ్మకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తన వెంట నన్నూ లోపలికి రమ్మంది. ఆ అమ్మాయి స్పష్టంగానే చెప్పింది. "ఓర్చుకోవాల్సిన పని లేదండీ. ఇది పోటీ కాదు. నొప్పి అనిపించిన వెంటనే నొక్కేయండి."

కడ్డీ దిగింది. గోరు మీద ఆనీ ఆనకముందే పెద్దమ్మ కాలివేళ్ళు చెప్పుల్లో ముడుచుకున్నాయి. మొహంలో మాత్రం ఏమీ లేదు. దుకాణంలో పాత బాకీ తీర్చడానికి వచ్చినవాడు ఎదురుగా నిలబడినప్పుడు కూడా అంత ప్రశాంతంగా ఉండదు. మీట చేతిలోనే ఉంది. నొక్కలేదు. కడ్డీ ఇంకా ఒత్తింది. కంటి కొసన నీళ్ళు తిరిగాయి, రెప్ప వేసి మింగేసింది. నొక్కు పెద్దమ్మా, నొక్కు అని నేను లోపల్లోపలే మొత్తుకుంటున్నాను. చివరికి యంత్రమే తన హద్దు దాకా వెళ్ళి టక్కున ఆగి పైకి లేచింది.

"ఇంతదాకా ఎవరూ రాలేదండీ. చాలా ఆరోగ్యంగా ఉన్నారు" అంది ఆ అమ్మాయి ఆశ్చర్యంగా.

పెద్దమ్మ వరండాలోకి పెళ్ళికూతురిలా నడిచి వచ్చింది. "యంత్రమే ఆగిపోయిందే" అంది చిన్నావిడతో. ఆ చేతిని కొంగు కింద దాచుకుంది.

అన్నీ అయ్యాక డాక్టరుగారు ముగ్గురినీ గదిలోకి పిలిచింది. నడివయసు మనిషి, గొంతు మెత్తన. "ముందే చెబితే ఆ ఆలోచన మీట నొక్కే మీ వేలి మీద పడుతుంది. అందుకని ఆఖర్న చెబుతాం" అంటూ పరిశోధన ఏమిటో వివరించింది. ఇందులో మూడు రకాల మనుషులున్నారు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళు, ఆరోగ్యవంతులు, ఇంకొక రకం. "ఆ మూడోవాళ్ళకి రక్తంలో ఏమీ కనపడదు, ఎక్స్‌రేలో కనపడదు, వాపు ఉండదు. కానీ ఒళ్ళంతా నొప్పి. దానికో పేరుంది, అదీ జబ్బే. యంత్రం కొంచెం ఒత్తగానే మీట నొక్కేస్తారు. ఇళ్ళల్లో వాళ్ళ మాట ఎవరూ నమ్మరమ్మా. సాకులంటారు. ఆ నొప్పి నిజమేనని అంకెల్లో చూపించాలనే మా తాపత్రయం."

నేను పెద్దమ్మ వైపు చూడలేకపోయాను. ఇన్నేళ్ళు ఏ మాట కోసం అల్లాడిపోయిందో ఆ మాట అనడానికి ఒక యంత్రాన్నే తయారు చేసి పెట్టారు. ఈవిడ దాన్ని ఓడించి వచ్చింది.

"ఆ మూడో రకంలో నన్ను వేయండి" అంది పెద్దమ్మ.

డాక్టరుగారు తెర మీద చూసింది. "మీకేమీ లేవని చెప్పారు కదమ్మా. పైగా అందరిలోకీ మీరే..."

"అబద్ధం చెప్పాను. మళ్ళీ పెట్టండి, ఈసారి నిజం నొక్కుతాను."

"ఇప్పుడు పెట్టినా లెక్కకి రాదమ్మా. సంగతి మీకు తెలిసిపోయింది. అసలు ఎందుకలా చెప్పారు?"

దీని ముందు తగ్గకూడదని, అని ఎలా చెబుతుంది? అది పక్కనే కూర్చుని ఉంటే. డాక్టరుగారి మొహంలోకి, మా ఇళ్ళల్లో నేను ఎన్నోసార్లు చూసిన ఆ అనుమానం మెల్లగా వస్తోంది. జబ్బు పేరు వినగానే నాకూ ఉందనేవాళ్ళు ఆవిడకి కొత్తేం కాదు కదా.

అప్పుడు చిన్నావిడ నోరు విప్పింది. "ఆవిడకి ఉన్నాయండి. ఇంట్లో ఉన్నప్పుడు జాకెట్టు తిరగేసి తొడుక్కుంటుంది, కుట్లు ఒంటికి తగిలితే ఓర్చుకోలేదు. పెద్ద దుప్పట్లు ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడతపెడతాం. నేను కాస్త లాగితే చాలు, ఆవిడ మొహం మారిపోతుంది. అందుకని లాగకుండా నేనే దగ్గరికి నడుస్తాను. చాలా ఏళ్ళ నుంచీ ఇంతే."

డాక్టరుగారు కుర్చీ పెద్దమ్మ వైపు తిప్పుకుంది. ఇంకొన్ని ప్రశ్నలడిగింది, జవాబులు శ్రద్ధగా వింది. పరిశోధన లెక్కలోంచి పేరు తీసేస్తానని, తన ఓపీకి వస్తే వైద్యం మొదలుపెడదామని చెప్పింది. పెద్దమ్మ తలూపింది. ఆవిడ చూపు మాత్రం చిన్నావిడ మీంచి కదల్లేదు.

బస్సులో అడిగింది. "ఇన్నేళ్ళూ నీకు తెలుసన్నమాట. ఇంట్లో ఒక్కసారి అనలేదేం?"

చిన్నావిడ కిటికీ వైపు తిరిగింది. "నాకు జబ్బు రాకముందు, నాకెందుకులే అనుకున్నాను. వచ్చాక... నీకూ ఉందంటే నన్నెవరు చూస్తారక్కా? అత్తయ్య వేడినీళ్ళు కాచేది నాకొక్కదానికేగా."

పెద్దమ్మ ఏదో ఘాటుగా అనబోయి మానేసింది. ఆ కుళ్ళు ఎలాంటిదో ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు? "ఇంటికి వెళ్ళాక నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మరు" అంది.

చిన్నావిడ మాట తప్పలేదు. చెప్పులు విప్పుతూనే అత్తగారికి అంతా చెప్పింది, జబ్బు పేరుతో సహా. అత్తగారు విన్నంతసేపూ విని చిన్నకోడలి వేళ్ళు తన చేతిలోకి తీసుకుంది. "నీ బాధలో నువ్వుండి కూడా దాని బాధ కనిపెట్టావా తల్లీ? ఎంత మంచి మనసే నీది."

పెద్దమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

చిన్నావిడ చేయి వెనక్కి తీసుకుంది. మొహం కందిపోయింది. "నన్ను కాదు అత్తయ్యా, అక్కని అడగండి" అంది.

అత్తగారు పెద్దమ్మ వైపు తిరిగింది. "ఎక్కడే నొప్పి?"

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అలా అడగలేదు. పెద్దమ్మ మెడ దగ్గర మొదలుపెట్టింది. భుజాలు, మోచేతులు, నడుం. ఒక్కో చోటు చెప్పినప్పుడల్లా, అత్తగారు అవునా అన్నట్టు చిన్నావిడ వైపు చూసింది. చిన్నావిడ అవునని తలూపింది. అది చూస్తుంటే పెద్దమ్మకి కడుపు రగిలిపోయింది. అయినా చెప్పడం ఆపలేదు.