వీరవేణి గారు దిద్దిన మూడు లైన్లు

రాజమండ్రిలో ఓ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబు చూసుకునేది వీరవేణి గారు. ఏ మిషను మొరాయించినా ఆవిడ ముందు కీబోర్డు ముట్టుకోరు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కొంగుతో స్క్రీను తుడిచి, అది ఏమని ఏడుస్తోందో పైకి చదువుతారు. రెండు వేల ఏడులో, ప్రాక్టికల్ పరీక్షనాడూ అదే చేశారు. పరీక్షకు కావలసిన ప్రోగ్రాం సీడీలో తెచ్చిన ఎగ్జామినరు మురళీకృష్ణ, దాన్ని మిషన్లలోకి ఎక్కించే ఇన్‌స్టాల్ స్క్రిప్టు మూడోసారీ మధ్యలో ఆగిపోయాక వాచీ చూసుకున్నాడు. "మా కాలేజీలో శుభ్రంగా నడిచిందండీ. ఇక్కడ కుదిరేలా లేదు, వాయిదా వేసేద్దాం." గోదారి లంకల నుంచి పొద్దున్నే పడవెక్కి వచ్చిన పిల్లల ముఖాలు వాడిపోయాయి.

"తొందరేంటండీ, చదవనివ్వండి," అన్నారావిడ. గోదారి ఒక్కటే అయినా ఏ రేవు మెట్లు ఆ రేవువే. ఆ ల్యాబు మిషన్లను నడిపే లైనక్స్‌లో మన ఆజ్ఞలు అందుకునే షెల్ సంగతీ అంతే. స్క్రిప్టు రాసింది బ్యాష్ అనే షెల్ కోసం. ఈ మిషన్లలో దాన్ని చదువుతున్నది వేరే చిన్న షెల్. ఆవిడ బ్యాష్ పేరు ముందు పెట్టి స్క్రిప్టును మళ్లీ నడిపారు. రెండు నిమిషాల్లో ప్రోగ్రాం ఎక్కింది, పరీక్ష మొదలైంది. ఆవిడ మాత్రం లేవలేదు. స్క్రిప్టు తెరిచి, బ్యాష్‌కి తప్ప అర్థం కాని మూడు లైన్లు పట్టుకుని, ఏ షెల్‌కైనా తెలిసేలా తిరగరాయసాగారు. "పనైపోయింది కదండీ, ఇంకా ఏంటి?" అన్నాడు మురళీకృష్ణ. "ఇక్కడైపోయిందండీ. రేపు మీరు ఇదే పరీక్షకి అమలాపురం వెళ్తున్నారు. అక్కడా ఇవే మిషన్లు, నేనుండను." అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "మెల్లగా చెప్పండి మేడం, రాసుకుంటాను."