పెట్టెలో పట్టని బూట్లు

మా బావ పాదాలు చేటలంత ఉంటాయి. ఈ మాట నేనన్నది కాదు, పెళ్ళయిన కొత్తలో మా అక్కే అంది. పొడవు మామూలే, వెడల్పే అన్యాయం. ఏ చెప్పుల దుకాణానికి వెళ్ళినా అమ్మేవాడు నాలుగైదు జతల బూట్లు దించి, వేళ్ళ దగ్గర నొక్కి చూసి, చివరికి "పోనీ, చెప్పులు చూపించమంటారా సార్?" అనేవాడు. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆయన కాళ్ళు చెప్పులు తప్ప ఇంకోటి ఎరగవు. పనికీ అవే, పెళ్ళిళ్ళకీ అవే.

పని కళ్ళజోళ్ళ దుకాణంలో. ముందు గదిలో నిలువుటద్దాలు, దీపాలు, నవ్వుతూ మాట్లాడే అమ్మాయిలు. బావ ఉండేది వెనక గదిలో, నీళ్ళు కారుతూ తిరిగే సానరాయి ముందు, ఎత్తు స్టూలు మీద. గుండ్రంగా వచ్చిన లెన్సుని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అర మిల్లీమీటరు తేడా రాకుండా బిగించాలి. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం మంది ముక్కుల మీద ఆయన చేతిపనే కూర్చుని ఉంది. ఆయన మొహం మాత్రం ఎవరికీ తెలియదు.

ఆయన్ని ఈ కొండల గోలలోకి లాగింది కెప్టెన్. ఈ కెప్టెన్ ఏ సైన్యంలోనూ పని చెయ్యలేదు. టైర్ల దుకాణం యజమాని. కొండలెక్కే సంఘం ఒకటి పెట్టుకుని, మెడలో విజిల్ వేసుకుని తిరుగుతాడు కాబట్టి కెప్టెన్. మంచు మీద వాడే నల్ల కళ్ళజోడు ఒకటి తెచ్చి, అందులో తన పవరు అద్దాలు పెట్టించుకోవడానికి వచ్చాడు. విదేశంలో కొన్నదట, చుట్టం ఎవరో వస్తూ తెచ్చారట. అలాంటి సరుకు అమ్మే దుకాణాలు ఇక్కడికి పంపవని వాపోయాడు. బావ వారం తిరక్కుండా దారి కనిపెట్టాడు.

ఆ దారి ఇదీ. అక్కడో కంపెనీ తన గోడౌను అడ్రసులో మనకంటూ ఒక నంబరు ఇస్తుంది. దుకాణాలు వస్తువులు అక్కడికి పంపుతాయి. గోడౌనువాళ్ళు ఒక్కోదాన్ని ఫోటో తీసి మనకి చూపించి, మనం చెప్పినప్పుడు అన్నిటినీ ఒకే పెట్టెలో సర్ది విమానం ఎక్కిస్తారు. పెట్టె ఇరవై కిలోలు దాటకూడదు. "మేముండేది అద్దింట్లోనే గానీ, మా ఆయనకి ఫారిన్‌లో సొంత అడ్రసుంది" అని మా అక్క పక్కింటావిడతో గొప్పలు పోయేది.

కెప్టెన్ సంఘంవాళ్ళ సామానంతా బావ ఆ దారినే తెప్పించేవాడు. ఆ పెట్టెలు సర్దించడం ఆయనకి ఒక విద్యలా పట్టుబడింది. అట్టపెట్టెలు తీసెయ్యమనేవాడు. గిన్నెలో స్టవ్వు, స్టవ్వు పక్కన మేజోళ్ళు, హెల్మెట్‌లో చేతి తొడుగులు, ఏది దేనిలో దూరుతుందో బొమ్మ గీసి మరీ పంపేవాడు. నేనూ అక్కావాళ్ళింట్లోనే ఉంటాను. పెట్టె వచ్చిన రోజు మా ఇంటి ముందు గదిలో కాలు పెట్టడానికి సందుండేది కాదు. సంఘంవాళ్ళు వచ్చి ఎవరివి వాళ్ళు తీసుకుని, "మాస్టారూ, మీరు లేకపోతే మేమేమైపోయేవాళ్ళం!" అంటూ, అక్క ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయేవారు. మూడేళ్ళు ఇదే తంతు. ఒక్కడంటే ఒక్కడు, "మీరూ రండి మాస్టారూ" అన్న పాపాన పోలేదు. ఆయన అడగడు. మొహమాటం ఆయన ఒంట్లో రక్తంతో పాటు తిరుగుతూ ఉంటుంది. రక్త పరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని, నేను చెబుతున్నాను.

పోయిన ఏడు కెప్టెన్ నోటి నుంచి ఆ మాట వచ్చింది. "ఈసారి మీరూ రావాలి మాస్టారూ. మూడు రోజులు, మంచు మొదలయ్యే చోటి దాకా. బూట్లు మాత్రం మంచివుండాలి, చీలమండ కప్పాలి. అది లేకుండా బస్సెక్కనివ్వను, మా రూలు."

ఆ సాయంత్రం బావ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. వంటింటి గచ్చు మీద కాగితం పరిచి, దాని మీద నిలబడి, "మరదలా, కాస్త గీత గియ్యవే" అన్నాడు. నేను పెన్సిల్‌తో ఆయన పాదాల చుట్టూ గీత గీశాను. "ఒక్క కాగితం చాలదు బావా, ఇంకోటి అతికించాలి" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ కొలతలు పట్టుకుని కంప్యూటర్లో పది విదేశీ దుకాణాలు వెతికితే, ఒక్కచోట నాలుగు వెడల్పుల్లో బూట్లు దొరికాయి. నాలుగోది ఆయనది. గోడౌనుకి చేరగానే ఫోటో వచ్చింది. ఇనప బల్ల మీద గోధుమరంగు బూట్లు, పక్కన కొలబద్ద. బావ దాన్ని ప్రింటు తీయించి సానరాయి పైన గోడకి అంటించుకున్నాడు. ఇక బూట్లు రావడమే మిగిలింది, ఆయన కొండెక్కడం ఖాయం అనుకున్నాం.

ఆ ప్రయాణానికని మొదటి పెట్టె కట్టే రోజున కెప్టెన్ ఫోను చేశాడు. తన కొత్త టెంటు అప్పుడే గోడౌనుకి చేరిందట, ఎలాగైనా అందులో వేయించాలట. బరువు ఇరవై దాటుతోంది. బావ బూట్లు తీయించి టెంటు పెట్టించాడు. రెండో పెట్టెలో ఎవరివో చేతికర్రలూ, మంచులో కాలు జారకుండా బూట్ల కింద బిగించుకునే ముళ్ళూ. మళ్ళీ బూట్లు ఆగాయి. మూడో పెట్టెలో ఏమొచ్చి పడిందో నాకు అప్పుడు తెలియదు.

"నీ బూట్లెప్పుడొస్తాయి బావా?" అంటే, "ఇంకో పెట్టె ఉందిగా. ప్రయాణానికి నాలుగు రోజుల ముందే వచ్చేస్తుంది, లెక్క చూసుకున్నాను" అనేవాడు.

లెక్క చూసుకున్న మాట నిజమే. గోడౌనులో ఏ వస్తువైనా నలభై అయిదు రోజులే ఉంచుతారు. ఆ తరవాత పారేస్తారు. బావ అందరి వస్తువుల రోజులూ కాగితం మీద రాసి, గడువు దగ్గరపడ్డవాటికి ఎర్ర చుక్క పెట్టేవాడు. అయితే ఒక వస్తువుని పెట్టెలోంచి తీయించి మళ్ళీ అరలో పెట్టించినప్పుడల్లా కంపెనీ పేజీలో దాని పక్కన కొత్త తేదీ పడేది. అక్కణ్ణుంచి రోజులు మళ్ళీ మొదలవుతాయని ఆయన నమ్మాడు. గోడౌనువాళ్ళు మాత్రం మొదట చేరిన రోజు నుంచే లెక్కపెట్టారు. మిగతావాళ్ళ వస్తువులేవీ ఎన్నడూ పెట్టెలోంచి బయటికి రాలేదు కాబట్టి ఈ సంగతి బయటపడే అవకాశమే లేకపోయింది. మళ్ళీ మళ్ళీ బయటికి వచ్చినవి ఆయన బూట్లొక్కటే.

నాలుగో పెట్టె కట్టించబోతే జవాబొచ్చింది. గడువు దాటినందువల్ల ఆ వస్తువుని తొలగించామని. ఆయన బతిమాలుతూ రాశాడు. నిబంధన ఎన్నోదో చెబుతూ ఇంకో జవాబొచ్చింది. ఈ సంగతి ఆయన మాలో ఎవరికీ చెప్పలేదు. ఒక జత గుడ్డ బూట్లు కొని, పక్కలు బ్లేడుతో కోసి, లోపల కాన్వాసు ముక్కలు అతికించి కుట్టాడు. అర మిల్లీమీటరు తేడా లేదు. అవి వేసుకుని గదిలో నడిచి చూపించి, "అసలువి ఆలస్యమయ్యాయిలే, వీటితో గడిచిపోతుంది" అన్నాడు. నేను నమ్మాను.

బయల్దేరే రోజు పొద్దున్న ఆయన్ని దింపడానికి నేనూ వెళ్ళాను. ఆయన మంచినీళ్ళ సీసాలూ రొట్టెలూ నా కొత్త ఎర్ర వీపుసంచిలో పెట్టుకుని మోశాను. బస్సు దగ్గర పద్నాలుగు మంది. వాళ్ళ ఒంటి మీదా వీపు మీదా ఉన్నవన్నీ మా ముందు గదిలో విప్పినవే. కెప్టెన్ విజిల్ ఊది, అందరి కాళ్ళూ చూస్తూ వచ్చి, బావ ముందు ఆగాడు.

"ఇదేంటి మాస్టారూ?"

"అవి... రాలేదండీ. ఇవి గట్టిగానే కుట్టాను."

"గట్టిగా కుడితే సరిపోతుందా? పైన మంచు. రేపు మీకేమన్నా అయితే మోసేదెవరు? సారీ మాస్టారూ, వచ్చే ఏడు చూద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమండీ, మీ కాళ్ళకున్నవి ఎవరు తెప్పించారో గుర్తుందా? మీరు పడుకోబోయే టెంటు ఎవరు తెప్పించారు? ఆ మాత్రం సిగ్గు..."

"ఊరుకోవే" అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది?"

తప్పు లేదు. అదే నా కడుపుమంట. ఆ మాట చెప్పిన మనిషి గొంతులో కాసింత బాధైనా లేదు. పైగా బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి, "అన్నట్టు మాస్టారూ, ఓ చిన్న స్టవ్వు చూసి పెట్టండి, తిరిగొచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడు. బావ తలూపాడు. తలూపి ఊరుకోక, ఎవరిదో సంచి పట్టీ వదులుగా ఉందని దగ్గరకెళ్ళి బిగించాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్ళనీ తిట్టాను, ఆయన్నీ తిట్టాను. "ఎవడేదడిగినా కాదనలేని ఈ జబ్బుకి మందు లేదా బావా? నీ బూట్లని ఎత్తి బయట పడేసి ఎవడి సామాను నెత్తిన పెట్టుకున్నావు? చెప్పు, వాడి పేరు చెప్పు" అన్నాను. ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళాడు. బల్ల మీద ఆయన కాగితాలున్నాయి. నేనే తీసి చూశాను.

మూడో పెట్టె జాబితాలో చివరి వరుస, "బూట్లు, కిలో తొమ్మిది వందల గ్రాములు" అని రాసి కొట్టేసి ఉంది. దాని పైన సన్నటి అక్షరాలతో, "మరదలి సంచి, కిలో ఎనిమిది వందల గ్రాములు."

గుర్తొచ్చింది. ఓ రోజు ఆయన భుజం మీదుగా కంప్యూటర్లోకి తొంగి చూసి, "బావా, ఆ ఎర్రది భలే ఉంది, నాకూ తెప్పించవూ? ఈ పెట్టెలోనే, ప్లీజ్" అన్నాను. నేనెక్కే కొండేం లేదు. ల్యాబుకి బస్సులో వెళ్ళేటప్పుడు బాగుంటుందని. ఆయన ఒక్క క్షణం ఆగి, "సరేలే" అన్నాడు. ఆ ఒక్క క్షణం దేనికో నాకు తట్టలేదు.

బావ తల తుడుచుకుంటూ వచ్చాడు. నా చేతిలో కాగితం చూశాడు. నేను పెన్ను తీసుకుని, కొత్త కాగితం మీద మొదటి వరుసలో "బావ బూట్లు" అని రాశాను.

"అవి ఇక లేవే" అన్నాడు. "ఆ వెడల్పు చెయ్యడం మానేశారట, అడిగాను. నాకు దొరికిందే చివరి జత."

కాగితం నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టాడు. కుర్చీకి తగిలించిన ఎర్ర సంచి వంక చూసి, పట్టీ ఒకటి పట్టుకుని లాగి చూశాడు.

"సంచి బాగుందా?" అన్నాడు. "భుజాల దగ్గర ఒరుసుకోవట్లేదు కదా?"