రేకకు ఒక్క కుంచె

మే నెల వచ్చిందంటే జగ్వాన్ ఊరంతా తెల్లవారకముందే లేచి నెస్రీ పువ్వుల్ని కోసి, రాగి బట్టీల్లో పోసి పన్నీరు తీస్తుంది. అదే పువ్వును గాజు గ్లాసులో పెట్టి బొమ్మ వేసే మనిషి మాత్రం జకియా ఒక్కతే. ఆమె పురపాలక కార్యాలయంలో జనన మరణాలు రాసుకునే గుమాస్తాగా పనిచేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉండగానే సాంస్కృతిక కేంద్రంలో సాయంత్రాలు నూనె రంగులు నేర్చుకుంది. అప్పటినుంచీ వారానికో పూల బొమ్మ పూర్తి కావలసిందే. చలికాలంలో నర్గీస్, ఆ తర్వాత బాదం పూత, వేసవికి కార్నేషన్లు, ఆకులు రాలే రోజుల్లో చేమంతులు. గ్లాసులో రెండు మూడు రకాలుంటే ముందు వాడిపోయేదాన్ని ముందు వేసేది. ఎవరైనా పెళ్లికి పిలిస్తే, "నా పూలు వాడిపోతాయి, మధ్యాహ్నం దాటాక వస్తాను" అనేది. జనం నవ్వుకుని, అలవాటు పడిపోయారు.

వీటన్నిట్లోనూ ఆమెకు కష్టమైనది నెస్రీయే. అడవి గులాబీ అది. ఐదే రేకలు, పల్చటి గులాబీ రంగు, నడుమ పసుపు. పొద్దున విచ్చుకున్న పువ్వు ఎండ ముదిరేసరికి ముట్టుకుంటే రాలిపోతుంది. తెల్ల రంగులో పిసరంత గులాబీ కలిపి, కుంచె నిండా తీసి, కాన్వాసు మీద ఒక్కసారి ఒత్తి తిప్పి లేపాలి. అదే రేక. బాగా రాలేదని మళ్లీ ముట్టుకుంటే కింద పూసిన తడి ఆకుపచ్చ కలిసి బురదవుతుంది.

ఈ ఏడు జకియా చెయ్యి వణుకుతోంది.

మొదట తెలిసింది రంజాన్‌లో, ఇఫ్తార్ వేళ సూప్ వడ్డిస్తుంటే. గరిటె గిన్నె అంచుకు కొట్టుకుంది. నీరసం అనుకుంది. పండగ వెళ్లాక కూడా తగ్గలేదు. భర్త తిజానీకి చెప్పలేదు. "మోకాళ్లు పట్టేశాయి, కాఫీ నువ్వే పోసుకో" అని తప్పించుకుంది. బొమ్మ వేసేటప్పుడు కాన్వాసుకు అడ్డంగా కర్ర పెట్టి దానిమీద మణికట్టు ఆనించుకుంది. బాదం కొమ్మకు అన్నేసి పూలు, రెండు వంకర పోయినా ఎవరూ పట్టించుకోరు. నెస్రీ దగ్గర ఆ ఆట సాగదు. నెస్రీ సరిగ్గా వస్తే ఈ వణుకు ఒట్టి అలసట, రాకపోతే ఇక ఈ పని అయిపోయినట్టే అని తనకు తానే తీర్పు రాసిపెట్టుకుని మే నెల కోసం ఎదురుచూసింది.

నెస్రీ కంచె ఇంటి వెనక దొడ్లో ఉంది. అత్తగారు బతికున్నప్పుడే ఒప్పందం కుదిరింది. పువ్వంతా ఆడపడుచు మొంజియా బట్టీకి, రోజుకో కొమ్మ జకియా గ్లాసుకి. ఈసారి వానల్లేవు. కొండ మీది ఊటలు కూడా సన్నగిల్లాయి. కంచెకు పూత పల్చగా వచ్చింది.

ఒక తెల్లవారుజామున మొంజియా బుట్ట పట్టుకుని వచ్చి కంచె ముందు నిలబడిపోయింది.

"ఏమే జకియా, దొడ్లోకి మేక గానీ దూరిందా?"

"లేదు లల్లా. నేనే కోశాను." వయసులో పెద్దదైన ఆడపడుచును జకియా గౌరవంగా అలాగే పిలుస్తుంది.

"ఎన్ని కొమ్మలు?"

"మూడు."

"ఎప్పుడూ ఒక్క కొమ్మేగా నీకు. కంచె ఇలా బోడిగా ఉన్న ఏడే ఆకలి పెరిగిందా?"

"గాలికి రాలిపోయాయి, అందుకని ఇంకోటి కోశాను."

"గాలా? నా తలమీద గుడ్డ కదల్లేదు, నీ పూలు రాలాయా?" మొంజియా మిగిలిన పూలు కోసుకుంటూనే అంది. "మనవరాలి నిశ్చితార్థానికి మిఠాయి కాక్‌లు చెయ్యాలి. బాదం ముద్దలో పన్నీరు బదులు నీ టర్పెంటైన్ పొయ్యమంటావా?"

"పోసి చూడు లల్లా. పెళ్లికొడుకు ఎంత గట్టివాడో తేలిపోతుంది."

మొంజియా నవ్వలేదు. మర్నాడు చీకటుండగానే వచ్చింది. అప్పటికే రెండు కొమ్మలు పోయి ఉన్నాయి. బుట్ట అక్కడే వదిలేసి నేరుగా జకియా బొమ్మలు వేసుకునే గదిలోకి వెళ్లింది. కాన్వాసు మీద గులాబీ రంగు మరక తప్ప పువ్వు లేదు. కత్తితో గీకి, గుడ్డతో తుడిచి, మళ్లీ గీకిన గుర్తులు కనిపిస్తున్నాయి. గ్లాసులో ఒక పువ్వు అప్పుడే విచ్చుకుంటోంది. ఆడపడుచు ముందు కుంచె పట్టకూడదని జకియాకు అనిపించింది. కానీ పువ్వు ఆగదు. కర్ర మీద మణికట్టు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒత్తింది. రేక అంచు మేక కొరికిన ఆకులా చీలికలై వచ్చింది.

మొంజియా పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది.

"ఎప్పటినుంచి?"

"రంజాన్ నుంచి."

"తిజానీకి తెలుసా?"

"తెలీదు."

"డాక్టరు దగ్గరికి పోవచ్చు కదే."

"పోతే దానికో పేరు పెడతాడు. ఆ తర్వాత ఇంట్లో అందరూ నా చేతిలోంచి గ్లాసు లాక్కోవడమే."

"లాక్కోక, వేడి టీ ఒళ్లో పోసుకుంటుంటే చూస్తూ కూర్చోవాలా?"

"పూత అయిపోయేదాకా ఆగు లల్లా. తర్వాత నేనే చెప్తాను."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. మా తమ్ముడు మొద్దు. వాడంతట వాడికి కనపడి చావదు."

ఆ రోజునుంచి మొంజియా కొమ్మల లెక్క అడగడం మానేసింది. పొద్దున్నే కోసి గ్లాసులో పెట్టి, "చాలా, ఇంకోటి తేనా?" అని మెల్లగా అడిగి వెళ్లిపోయేది. మేక దూరిందా అని దెప్పినప్పుడు కలగని బాధ ఆ మెత్తని గొంతు వింటే కలిగింది జకియాకు. ఇన్నేళ్లలో ఆడపడుచు తనతో అలా మాట్లాడటం అదే మొదలు.

కంచె వడిలిపోతున్న కొద్దీ ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. మణికట్టుకు ఇసుక సంచి కట్టుకుంది. ఎడమచేత్తో వేసింది. కుంచె మార్చింది. కాఫీ మానేసింది. కంచె మీద చివరి పూలు మిగిలిన రోజున కుంచె పక్కన పడేసి, రంగులు గీకే కత్తి తీసుకుంది. రొట్టెకు వెన్న రాసినట్టు రంగు దట్టంగా పూసింది. చెయ్యి వణికిన చోటల్లా రంగు గట్లు గట్లుగా లేచింది. వాటిని అలాగే వదిలేసింది. ఐదు రేకలూ నిలబడ్డాయి. అది పువ్వో కాదో ఆమెకు తేలలేదు. చాలాసేపు చూసింది. గీకెయ్యడానికి రెండుసార్లు కత్తి ఎత్తి, దించేసింది.

మధ్యాహ్నం తిజానీ కాఫీ దుకాణం నుంచి వచ్చాడు. ఆమె పూర్తి చేసిన ప్రతి బొమ్మకీ గుమ్మంలో నిలబడే "బాగుంది" అని వంటింట్లోకి పోవడం అతని అలవాటు. చూడకుండానే అంటాడని ఆమె నమ్మకం. ఈసారి లోపలికి వచ్చాడు.

"ఇదెవరు వేశారు?"

"ఏం?"

"నువ్వు వేసినట్టు లేదు. నీ పూలు అప్పుడే కోసుకొచ్చినట్టుంటాయి. ఇది ఎవరో తొక్కిన పువ్వులా ఉంది."

"బాగాలేదా?"

"బాగాలేదని ఎవరన్నారు? నీది కాదంటున్నాను. నీది నాకు తెలీదా?"

సాంస్కృతిక కేంద్రంలో ఎవరో పిల్ల వేసిందని చెప్పెయ్యవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. రేపటికి పూత ఉండదు. మొంజియా వచ్చి చెప్పేస్తుంది. ఆమె నోటినుంచి విన్నాక తిజానీ ఈ బొమ్మనూ, తను ఆడిన అబద్ధాన్నీ తలుచుకుంటాడు.

జకియా కత్తి కింద పెట్టి, కుడిచెయ్యి బల్ల మీద చాపింది. ఈసారి దేనికీ ఆనించలేదు, రెండో చేత్తో పట్టుకోలేదు. వేళ్లు వాటంతట అవి ఆడుతున్నాయి. పక్కనున్న రంగు డబ్బా మూత చిన్నగా గలగలమంటోంది.

తిజానీ ఆ చప్పుడెక్కడిదా అని చూశాడు. తర్వాత చెయ్యి చూశాడు. కిటికీలోంచి ఎండ బల్లంతా పరుచుకుని ఉంది.

"చలేస్తోందా?" అన్నాడు.

"లేదు," అంది జకియా. "ఇలా కూర్చో. చెప్తాను."