మా నాన్న పాకం దగ్గర పక్కింటి ఎమ్మా

మా చిన్నప్పుడు... ఆదివారం అన్నాలయ్యాయంటే చాలు, ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లోని మా ఇల్లంతా పంచదార పాకం వాసన. బయట ఎంత చలిగా ఉన్నా నాన్న వంటింటి కిటికీ బార్లా తెరిచి, అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టేవారు.

ఆ పాకం మేం తినడానికి కాదు... పక్కింటి డేవిడ్ అంకుల్ బీరు కోసం!

అంకుల్ తన గరాజ్‌లో బెల్జియం రకం నల్ల బీరు తయారుచేసుకునేవారు. దానికి క్యాండీ సిరప్ అని ఒక నల్లటి పాకం కావాలి. ఆయన కొన్న సీసా ఒకటి చూపిస్తే నాన్న చుక్క నాలిక మీద వేసుకుని, "అచ్చం మా అనకాపల్లి బెల్లప్పాకమే! నేను చేసిస్తాను" అన్నారట. తాతయ్య బెల్లం వండుతుంటే ఆ పొయ్యి పక్కనే పెరిగిన మనిషి. బీరు మాత్రం చుక్క ముట్టరు. "ఆ వాసన కోసమే ఈయన తిప్పలన్నీ" అనేది అమ్మ.

పంచదార, నీళ్ళు, తాంబూలంలోకి వాడే సున్నం చిటికెడు, ఈస్ట్‌కి బలమని అంకుల్ ఇచ్చిన తెల్లపొడి కాస్త... పాకం ముదిరేకొద్దీ రంగు మారేది. మరీ వేడెక్కితే నాన్న దూరం నుంచి చెంచాడు నీళ్ళు పోసేవారు, చుయ్యిమనేది. నిమిషానికోసారి ఒక చుక్క తెల్ల పింగాణీ ప్లేటు మీద వేసి రంగు చూసేవారు.

ఆ ప్లేటు పట్టుకునేది నేను కాదు. ఎమ్మా.

ఎమ్మా డేవిడ్ అంకుల్ కూతురు. నాకన్నా ఏడాది పెద్దది. వాళ్ళమ్మకి హాస్పిటల్లో డ్యూటీ ఆదివారాలే పడేది, అందుకని మా ఇంటికి వచ్చేసేది. నాన్న దానికి రంగులన్నీ తెలుగులో నేర్పారు. చుక్క పడగానే "టేనె!" అని అరిచేది. కాసేపటికి "చింటపండు!" చివరికి నల్లబడ్డాక "డికాషన్, అంకుల్!" నాన్న పగలబడి నవ్వేవారు...

నేను సోఫాలో కార్టూన్లు చూస్తూ ఆ నవ్వు వినేదాన్ని. నాతో ఉన్నప్పుడు ఆయన అలా నవ్వినట్టు నాకు గుర్తులేదు. కడుపు మండిపోయేది.

"దానికెందుకు ఇచ్చావ్ ప్లేటు?" అని ఇంగ్లీషులో అడిగాను ఒకసారి.

"నిన్ను రమ్మంటే బోరింగ్ అన్నావు కదమ్మా..." అన్నారు.

పక్క నుంచి అమ్మ, "ఆ పిల్ల నోట తెలుగు ఎంత ముద్దుగా ఉందో! మనదానికేమో ఏం చెప్పినా ఇంగ్లీషులోనే జవాబు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మంటే.

ఇక ఆ పాడు ఆదివారం... ఊరి నుంచి ఫోనొస్తే నాన్న హాల్లోకి వెళ్ళారు. "చూస్తూ ఉండమ్మా, పొంగితే పిలువు" అని ఎమ్మాకి చెప్పి వెళ్ళారు. అది ఒక్క నిమిషం బాత్రూమ్‌కి వెళ్ళింది. నేను మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, గ్యాస్ మంట పూర్తిగా పెంచి, వచ్చి మళ్ళీ సోఫాలో కూర్చున్నాను.

కాసేపట్లోనే పొగ. స్మోక్ అలారం గోల. గిన్నె అడుగంతా బొగ్గు.

"చూస్తూ ఉండమన్నాను కదా ఎమ్మా..." అన్నారు నాన్న. గట్టిగా కూడా అనలేదు. దాని ముఖం ఎర్రబడిపోయింది. పొయ్యి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. దానికి తెలిసిపోయింది. అయినా చెప్పలేదు. "సారీ అంకుల్" అని కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం ఎమ్మా రాలేదు. ప్లేటు నా చేతికొచ్చింది. నేను కోరుకున్నది అదే కదా... నాన్న చుక్క వేసి "ఏ రంగు?" అన్నారు. "హనీ" అన్నాను. "ఊఁ" అన్నారు. నవ్వలేదు. రెండుసార్లు తలుపు వైపు చూశారు.

"ఎమ్మా ఎందుకు రాలేదో... నేనే తొందరపడి ఏదో అనేశాను" అన్నారు, నాతో కాదు, తనలో తనే.

ఇక దాచడం నా వల్ల కాలేదు. ఇంగ్లీషులో చెప్పాలంటే నోరు రాలేదు. తెలుగు మాటలు ఒక్కొక్కటే వెతుక్కుని చెప్పాను. "నాన్నా... మంట... నేనే పెంచాను."

ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పొయ్యి ఆర్పేసి, "పద, చెప్పులేసుకో" అన్నారు. సగం ఉడికిన పాకాన్ని అలాగే వదిలేసి పక్కింటి తలుపు కొట్టాం.

నేను సారీ చెప్పగానే ఎమ్మా, "ఐ నో" అంది. "మరి చెప్పలేదేం?" అని అడిగాను. భుజాలెగరేసి, "మా డాడ్ నన్ను గరాజ్‌లోకి అడుగు పెట్టనివ్వడు. నీకైతే డాడ్ రోజూ వంటింట్లోనే ఉంటాడు. నాకే నీ మీద కుళ్ళు, అందుకే నీ కుళ్ళూ అర్థమైంది" అంది ఇంగ్లీషులో.

ఆ తర్వాత ఇద్దరం కలిసే నిలబడేవాళ్ళం ఆ పొయ్యి దగ్గర. నా అసూయ పోయిందనుకుంటున్నారా? లేదండీ! రంగు పేరు అది ముందు చెప్పేస్తే ఒళ్ళు మండేది. దాన్ని ఓడించాలని స్కూలుకెళ్ళే దారంతా అమ్మని అడిగి మాటలు నేర్చుకున్నాను. ఇటుక రంగు, కుంకుడుకాయ రంగు, ఎండుఖర్జూరం రంగు... ఈరోజు ఇదంతా తెలుగులో రాస్తున్నానంటే ఆ కుళ్ళు పుణ్యమే.

ఇప్పుడు నాన్నకి షుగర్. ఆ గిన్నె అటక మీద ఉంది. డేవిడ్ అంకుల్ ఇల్లు అమ్మేశారు, ఎమ్మా ఎడిన్‌బర్గ్‌లో ఉంటోంది. బీరు చేసుకునేవాళ్ళకి ఆ సిరప్ ఆర్డర్ పెడితే మర్నాటికల్లా గుమ్మంలోకి వచ్చేస్తుంది. నేను లండన్ పక్కనున్న స్లౌ ఊళ్ళో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను... పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో, వాళ్ళకి పిల్లలున్నారో లేదో కూడా నాకు తెలియదు. మా అమ్మాయికి కుళ్ళుకుందామన్నా పక్కింటి పిల్ల లేదు పాపం...

మీ అమ్మనో నాన్ననో మీ దగ్గర నుంచి కాస్త లాగేసుకున్న పక్కింటి పిల్లలు మీకూ ఉండే ఉంటారు. వాళ్ళ పేరు చెప్పండి, ఇన్నేళ్ళ తర్వాతైనా కలిసి కుళ్ళుకుందాం...