ఒకటిన్నర గోలు కొసరు

ఇంటికి పంపాల్సిన జీతం జేబులో పెట్టుకుని, సింగపూర్‌లోని బూన్ లేలో ఫుట్‌బాల్ పందేల కౌంటర్ ముందు వరుసలో నిలబడ్డాను. బలహీనమైన జట్టుకు ఒకటిన్నర గోలు ముందే కలుపుతారట. అది ఒక్క గోలు తేడాతో ఓడినా, దాని మీద కాసినవాడు గెలిచినట్టే. కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి, ఇంత కొసరు వదులుకుంటానా?

నా ముందున్నాయన తాతల కాలంలోనే ఇక్కడ స్థిరపడిన తెలుగాయన; ఆయన మాటల్లో తమిళం, మలయ్ కలుస్తుంటాయి. నా లెక్క విని నవ్వాడు.

"మీ కొట్లో కొసరు ఊరికే ఇచ్చేవారా తంబీ?"

"లేదంకుల్, ముందే ధరలో కలిపేసేవాళ్లం."

"వీళ్లూ అంతే. ఆ జట్టు ఎంత తేడాతో ఓడుతుందో లెక్కేసుకునే ఇచ్చారు."

నా జీతం కాపాడినందుకు దండం పెట్టి, వరుసలోంచి తప్పుకున్నాను. ఆయన మాత్రం కదల్లేదు.

"మరి మీరో?"

"నాకు అలవాటైపోయింది లా. నీకింకా కాలేదుగా, పోయి కడుపునిండా తిను, మకాన్ చెయ్."