ఠాణా బల్ల మీద అధ్యక్షుడు

మా స్వచ్ఛంద సంస్థ అధ్యక్షుడు ఆశీర్వాదం సారు ఎవరో ఒకరి అనుమతి లేకుండా తుమ్మడు. పెంచి చెబుతున్నానని అనుకోవద్దు. ఒకసారి ఆఫీసులో తుమ్ము వస్తుంటే రుమాలు ముక్కు దగ్గర పట్టుకుని, ఎదురుగా కూర్చున్న, నాతో పనిచేసే అశోక్ వైపు చూస్తూ ఆగాడు. అశోక్ తలూపాకే తుమ్మాడు.

ఆయన గద్వాలలో కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి లైన్ ఆపించుకోవాలి. ఆపామని అక్కణ్ణించి మాట వస్తేనే ఎక్కాలి. ఉద్యోగం అయిపోయినా ఆయన కంటికి లోకంలోని ప్రతి పనీ స్తంభంలాగే కనబడేది. హోటల్లో బల్ల ముందు నిలబడి "కూసోవచ్చునా?" అని అడిగేవాడు. ఓనరు వడలు తీసే హడావుడిలో వినిపించుకోకపోతే నిలబడే ఉండేవాడు. గద్వాల నుంచి పెబ్బేరుకు టికెట్టు తీసుకున్న రోజున, స్టాపు రాగానే దిగమంటారా అని కండక్టరును అడిగాడు. కండక్టరు ఎవరితోనో తగాదాలో ఉన్నాడు. సారు వనపర్తి దాకా పోయాడు.

పెళ్లి కథ ఆయన భార్య ఇందిరమ్మ చెప్పింది. ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని పాస్టరుగారు అడిగారట. అది మాటవరసకు అడిగే ప్రశ్న. పెళ్లికొడుకు మాత్రం జనం వైపు తిరిగి, వెనక వరుసల దాకా చూస్తూ, జవాబు వచ్చేదాకా ఆగుదామన్నాడట.

"మా నాయనకు చెమటలు వట్టినయి. ఎవడన్న నిజంగనే లేస్తడేమోనని," అంది ఇందిరమ్మ.

ఇట్లాంటి మనిషికి పోలీసు ఠాణా దొరికితే ఇంకేం కావాలి. అవి రెండువేల ఆరు, ఏడు సంవత్సరాలు, అడవిలో నక్సలైట్ల కోసం పోలీసులు గాలిస్తున్న రోజులు. నల్లమల అంచు ఊళ్లలో నలుగురు ఒకచోట కూర్చుంటే జీపు వచ్చి ఎందుకు కూర్చున్నారని అడిగేది. సంఘం పేరు పెట్టుకున్నవాళ్లను ఇంకా ఎక్కువ అడిగేది. సారు కంటి పరీక్షల క్యాంపుకు అనుమతి అడిగాడు. వేపమొక్కలు నాటడానికి అడిగాడు. పంద్రాగస్టుకు జెండా ఎగరేయడానికి అడిగితే ఎస్సై దండం పెట్టాడు.

అడిగి ఊరుకుంటే బాగుండేది. కార్యక్రమం మొదలయ్యే ముందే ఠాణాకు పోయి, అక్కడి చెక్కబల్ల మీద కూర్చుని, అది ముగిసిందని కబురు వచ్చేదాకా లేచేవాడు కాదు. ఆ విధంగా మా అధ్యక్షుడు మా సంస్థ మీటింగు ఒక్కటీ చూడలేదు. అక్కడి చాయ్ రుచి మరిగాడని అశోక్ అనేవాడు. మేమందరం నవ్వేవాళ్లం.

ఆ ఏడు మా సంస్థ పెట్టించిన చెంచు మహిళల తేనె సంఘానికి చిక్కు వచ్చిపడింది. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కార్యవర్గాన్ని ఎన్నుకోకపోతే రిజిస్ట్రేషను రద్దు చేస్తామని జిల్లా ఆఫీసు చెప్పింది. సంఘం పోతే వాళ్లు మళ్లీ షావుకారు చెప్పిన ధరకే తేనె పోయాలి. ఠాణావాళ్లేమో సభలు, సమావేశాలు వద్దన్నారు. పెట్టకపోతే సంఘం పోతుంది, పెడితే కేసవుతుంది. అంతకుముందు ఏడు సారు జ్వరంతో పడుకున్నప్పుడు జరిగిన మీటింగుకు జీపు వచ్చి పేర్లు రాసుకుపోయింది. సంఘం సభ్యురాలు సీతమ్మ పెనిమిటి గురవయ్యకు ఆ తేనె కాలమంతా ఠాణా చుట్టూ తిరగడంతోనే గడిచిపోయింది.

సారు ఎస్సై దగ్గరికి పోయాడు. ఎస్సై కుదరదన్నాడు. సారు వాదించలేదు.

"మంచిది సార్. వద్దన్నట్టు జర రాసియ్యండ్రి. జిల్లాల అడిగితె సూపెడ్త."

ఎస్సై రాసివ్వడానికీ ఒప్పుకోలేదు. సారు బల్ల మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగవచ్చా అని అడిగాడు. కాలు మార్చి కూర్చోవచ్చా అని అడిగాడు. మర్నాడూ వచ్చాడు. ఎస్సై ఫోన్లో మాట్లాడుతుంటే ఎదురుగా నిలబడి, దగ్గవచ్చా అని సైగ చేశాడట. చివరికి ఎస్సై విసిగిపోయి, పెట్టుకోండి గానీ ఏదైనా జరిగితే జిమ్మేదారి నీదే అన్నాడు.

"అందుకే ఈడ కూసుంట సార్," అన్నాడు సారు.

మీటింగు రోజున నేను పెంటకు వెళ్లాను. చెంచుల గూడేన్ని అక్కడ పెంట అంటారు. ఒక్క ఆడమనిషీ గుడిసె బయటికి రాలేదు. సీతమ్మ గుమ్మంలో నిలబడే అడిగింది, సారు ఏడున్నడని. అధ్యక్షుడు రాలేదని చెప్పడానికి నాకే సిగ్గనిపించింది. ఠాణాలో కూర్చున్నాడని నెమ్మదిగా చెప్పాను.

సీతమ్మ గుడిసెల వైపు తిరిగి గొంతెత్తింది. "సారు ఠాణాల కూసున్నడంట. రాండ్రి."

అందరూ వచ్చేశారు. నా ముఖం చూసి సీతమ్మకు నవ్వొచ్చింది.

"గాయన కాడ పని చేస్తవు, గిది తెల్వదా బిడ్డా? స్తంభమెక్కినోడు దిగేదాక స్విచ్చి కాడ ఒక మనిషి కూసోవాలెనంట. లేకుంటె ఎవడో తెల్వక వేస్తడు, పైనున్నోడు పోతడు. మా ఆయన గా సారుతోని స్తంభాలకు గుంతలు తోడిండు, గందుకే ఎరుక. మేం గీడ మాట్లాడినంతసేపు ఆయన గాడ స్విచ్చి కాడ ఉంటడు."

మీటింగు బ్రహ్మాండంగా జరిగింది. సీతమ్మ అధ్యక్షురాలైంది. షావుకారు గురించి, జీపు గురించి ఒక్కొక్కరు కడుపులో ఉన్నదంతా మాట్లాడారు. అందరూ ఇళ్లకు చేరాక నేను ఠాణాకు వచ్చాను. సారు బల్ల మీదే ఉన్నాడు. పొద్దున రెండుసార్లు జీపు స్టార్టయిందనీ, రెండుసార్లూ ఈయన ఎదురుపోయి, "మా మీటింగు కాడికేనా సార్? సంస్థ అధ్యక్షున్ని నేను. అడిగేది ఈడనే అడగండ్రి," అన్నాడనీ కానిస్టేబులు నాగన్న చెప్పాడు.

ఎస్సై బయటికి వచ్చాడు. "అయితే చెప్పు. మీటింగుల ఏం మాట్లాడిన్రు?"

"తెల్వదు సార్," అన్నాడు సారు వినయంగా. "పొద్దుగాల నుంచి మీ కాడనే ఉంటి గద."

ఎస్సై వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

రోడ్డెక్కగానే నేను ఆగలేకపోయాను. సీతమ్మ ఏం మాట్లాడిందో చెప్పబోయాను. సారు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"చెప్పకు బిడ్డా. నాకు అబద్ధమాడ రాదు. ఏం తెల్వకుంటెనే తెల్వదని మంచిగ చెప్పొస్తది. సగం తెలిస్తె గొంతు వణుకుతది."

అట్లాగే చెవులు మూసుకుని బస్టాపు దాకా నడిచాడు. ఎదురొచ్చినవాళ్లు ఆగి చూశారు. స్టాపు చేరాక ఒక చెవి మీది చేతిని కొంచెం ఎత్తాడు.

"ఆడోళ్లందరికి బువ్వ అందిందా? గది చెప్పొచ్చు."

అందిందన్నాను. అప్పుడు రెండు చేతులూ దించి, బస్సు కోసం చూడసాగాడు.