నలుగురు రూతుల నర్సమ్మ గారు

నర్సమ్మ గారు పోయారని మిరపకల్లంలో ఉండగా కబురొచ్చింది. రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. చేతులనిండా మిరపకాయల ఘాటు, కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

మా ఊళ్లో పురుళ్లు పోసిన గవర్నమెంటు నర్సు కాబట్టి అందరూ నర్సమ్మ అనేవారు గానీ, ఆవిడ అసలు పేరు రూతమ్మ. మీరు నవ్వినా సరే, నా పేరూ అదే. మాది హిందువుల ఇల్లు, బడిలో నాకు వేరే పేరుంది. కానీ అమ్మకు అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. నేను నీలంగా పుట్టి కిక్కురుమనకపోతే, ఆవిడ నన్ను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచి, "ఏడవ్వే తల్లీ, ఏడిస్తేనే బతుకు" అంటూ ఏడిపించారట. బతికితే ఆ పేరే పెట్టుకుంటామని మొక్కింది మా నాయనమ్మే.

ఆవిడకు బదిలీ అయిన ఊళ్లలోనూ ఇలాంటి మొక్కులే. దర్శిలో లెక్కల టీచరు రూతు. చీమకుర్తి క్వారీల్లో ఆడకూలీల తరఫున మేస్త్రీలను నిలదీసే రూతు. వాడరేవులో నాన్న పోయాక పడవ వ్యాపారం తనే చూసుకుంటున్న రూతు. మా గొప్పలు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేవారు. ఆవిడకు సొంత పిల్లలు లేరు.

పురుడు పోసి వెంటనే వెళ్లిపోయేవారు కాదు. బాలింత అన్నం తినేదాకా పక్కనే కూర్చునేవారు. "బిడ్డ సంగతి సరే, తల్లి తిందా?" అని అడిగేవారు. పురుళ్లప్పుడు తప్ప మా ఇంటి అరుగు దాటి లోపలికి వచ్చింది లేదు. తన కోసం విడిగా ఉంచిన గ్లాసులో కాఫీ తాగి, తనే కడిగి బోర్లించేవారు. మా ఇంట్లో అది ఎవరికీ తప్పనిపించలేదు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆవిడకు ఒకటే కోరిక. రూతులందరినీ ఒక్కసారి తన ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. పోయినేడు తెల్లదోమ పత్తినంతా తినేసి, పొలం పనుల్లేక నేను ఖాళీగా ఉన్నప్పుడు, ఒక ఆదివారం నలుగురినీ పిలిచారు. గోంగూర, కోడికూర వండారు. నేను విస్తరి ముందు కూర్చోబోతుంటే నాయనమ్మ గుమ్మం బయట నుంచి కేకేసింది.

"ఏమే, లేచిరా! పేరు పెట్టుకున్నాం చాలదా, కంచం పొత్తు కూడా కావాలా?"

నర్సమ్మ గారు నా విస్తరి తనే తీశారు.

"వెళ్లమ్మా. పెద్దమ్మగారి మాట కాదనకు."

ఆ పూట ఆవిడ కూడా తినలేదని తర్వాత టీచరు రూతు చెప్పింది. మళ్లీ పిలవనూ లేదు.

మొన్న ఆవిడ ఇంట్లో మూడో రోజు కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక మేం నలుగురమే వడ్డనకు దిగాం. అంతలో చేతికర్ర ఊతంగా నాయనమ్మ వచ్చింది. నన్ను లాక్కుపోవడానికేననుకుని అన్నం గిన్నె గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా బంతి చివర చతికిలబడి, విస్తరి ముందుకు లాక్కుంది.

"రూతమ్మా, నాకూ కాస్త పెట్టవే" అంది.

నలుగురం ఒక్కసారే వంగాం. ఆమె మాత్రం మమ్మల్ని దాటి వంటింటి గుమ్మం కేసి చూస్తోంది. అక్కడ ఎవరూ లేరు.